ఎదుటి తలుపు దగ్గరి ఆపా

ఆపా పోయిందన్న ఫోను వచ్చేసరికి నేను మనీలాలో ఒక హోటల్ గదిలో యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాను. చేసింది వనపర్తి నుంచి ఆమె తమ్ముడు. "అక్కా, పొద్దుగాల ఆపా పోయింది. పగటి జొహర్ నమాజ్ కాంగనే మట్టి చేస్తం. నువ్వు రాలేవని ఎరుకే. చెప్పాలె గదా అని చేసిన" అన్నాడు.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, మంచం అంచున కూర్చుని ఏడ్చాను. చాలాసేపే ఏడ్చాను. కానీ ఆ ఏడుపులో ఉక్కిరిబిక్కిరి లేదు. ఆపాకు చెప్పాల్సిన ఒక మాటను నాలుగేళ్లపాటు కడుపులో దాచుకుని తిరిగాను. అది చెప్పకముందే ఈ ఫోను వచ్చి ఉంటే నా గతి ఏమయ్యేదో తలచుకుంటేనే భయం వేస్తుంది. మొన్న ఎండాకాలంలో చెప్పేశాను. అందుకే ఈ నాలుగు మాటలు దుఃఖంతో ఎంత రాస్తున్నానో, ఊరటతో అంతకు మించి రాస్తున్నాను. చావు గురించి రాస్తూ ఊరటేమిటని ఎవరైనా అంటే అననివ్వండి.

ఆపా అంటే ఉర్దూలో అక్క, కానీ ఆమె నాకు చుట్టం కాదు. గల్ఫ్‌లోని ఒక విమాన సంస్థలో నాకంటే పదేళ్లు ముందు చేరిన సీనియర్. మాది గద్వాల, మగ్గాల ఇల్లు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో హైదరాబాదులో డిగ్రీ ముగించి, పేపర్లో ప్రకటన చూసి వెళితే ఈ ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం వచ్చింది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట" అని మా వీధివాళ్లు నవ్వుకున్నారు. వాళ్ల తప్పేం లేదు. అప్పటిదాకా నేనెక్కిన ఎత్తల్లా మా ఇంటి మిద్దే.

ఉద్యోగంలో అది నా మూడో ప్రయాణం. విమానం వెనకభాగంలో భోజనాలు వేడిచేసే ఇరుకు చోటు ఒకటుంటుంది, గ్యాలీ అంటాం. అక్కడ ఓవెన్‌లోంచి ట్రే లాగుతూ వేళ్లు కాల్చుకున్నాను. నేర్పిన ఇంగ్లీషంతా ఎగిరిపోయి, "ఓయమ్మో, కాలె!" అని అరిచాను. వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏ ఊరు పిల్లా నీది?"

తిరిగి చూస్తే మా సీనియర్. అంతవరకూ ఆమె ఉత్తరాదామె అనుకున్నాను.

"గద్వాల, మేడం."

"గద్వాలనా? కృష్ణ అవతలోళ్లా! మాది వనపర్తి. మేడం గీడం వద్దు, ఆపా అను. ఇగ నా పక్కపొంటి ఉండు, ఈడ మన నడుమ నది లేదు" అని నా వేళ్లను మంచుముక్కల్లో ముంచింది.

ఆ రోజు నుంచి నాకు వెనకా ముందూ ఆమే. ఇతరుల ముందు ఇంగ్లీషు, ఇద్దరమే ఉంటే పాలమూరు తెలుగు, కోపమొస్తే ఉర్దూ. నేనేం పొరపాటు చేసినా "అవతలోళ్లు గిట్లనే ఉంటరు" అనేది. నేను బాగా చేస్తే, "జర ఇవతలి గాలి తాకింది" అనేది.

ఒక ఊళ్లో దిగితే, తిరుగు విమానం దాకా ఒక రోజో రెండు రోజులో అక్కడే ఆగాలి. లేఓవర్ అంటారు. తోటివాళ్లు ఆ సమయంలో కోటలు, మ్యూజియాలు చూసేవారు. లేదంటే గదిలో నిద్రపోయేవారు. ఆపా మాత్రం ఏ దేశంలో దిగినా ముందు కూరగాయల బజారుకు పోయేది. "కోటల ఇప్పుడెవడున్నడే? ఊరు తెల్వాల్నంటే వాళ్లేం వండుకుంటరో చూడాలె" అనేది. నైరోబీలో ఒక ముసలామెతో పచ్చిమిర్చి బేరమాడి, చివరకు ఆమె పక్కనే కూర్చుని ఇద్దరు గిరాకీలకు తూకం వేసి ఇచ్చింది. ఆ ముసలామెకు ఇంగ్లీషు రాదు, ఆపాకు ఆ భాష రాదు. బేరం మాత్రం సాఫీగా సాగింది.

ఆ మిర్చి ఎందుకంటే పచ్చిపులుసుకు. హోటల్ గదుల్లో వంట చేయనివ్వరు. పొయ్యి అవసరం లేని కూర మనకొకటి ఉందిగదా అన్నది ఆపా వాదం. పెట్టెలో ఎప్పుడూ చింతపండు ముద్ద ఉండేది. టీ కెటిల్ నీళ్లలో దాన్ని నానబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి సన్నగా తరిగి, ఉప్పు వేసి, మంచుముక్కలు తెచ్చే స్టీలు బకెట్టులో పిసికేది. కింద రెస్టారెంటు నుంచి తెల్లన్నం తెప్పించేది. ఆ బకెట్టు చుట్టూ చేరి ఫిలిప్పీన్స్ పిల్లలు, మొరాకో పిల్లలు ముక్కులు కారుతున్నా తినడం నేను కళ్లారా చూశాను.

వాళ్లమ్మ చేసి పంపే కడక్ జొన్నరొట్టెల కథ ఒకటుంది. ఎండబెట్టిన ఆ రొట్టెలు నెలైనా చెడవు. మెల్‌బోర్న్‌లో పెట్టె తెరిపించిన అధికారి ఒకదాన్ని తీసి బల్లమీద టకటకమని కొట్టి చూశాడు. ఇదేం పెంకు అన్నట్టు మా మొహాలు చూశాడు. ఆపా అంచు విరిచి నోట్లో వేసుకుని కరకర నమిలింది. ఇంకో ముక్క విరిచి అతనికి ఇవ్వబోయింది. అతను వద్దని చేతులూపి, నవ్వు ఆపుకోలేక మమ్మల్ని పంపేశాడు. "పండ్లు లేనట్టున్నయి పాపం" అంది బయటికొచ్చాక.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో మంచు కురుస్తుండగా తప్పు ట్రాము ఎక్కించి, ఊరి చివరిదాకా తీసుకుపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం ఒక పెద్దాయనను ఆపి, శుద్ధమైన తెలుగులో "తాతా, మేం దిగిన హోటల్ ఎటుదిక్కు?" అని అడిగి, తాళంచెవి మీది పేరు చూపించింది. ఆయన తన భాషలో ఏదో గొణుగుతూ మమ్మల్ని సరైన స్టాపుదాకా నడిపించుకుపోయాడు. "చూసినవా, ముసలోళ్ల గునుగుడు ఏడికి పోయినా ఒకటే" అంది ఆపా.

ఒక ప్రయాణికుడు అందరి ముందూ నన్ను నానా మాటలూ అంటే, గ్యాలీలోకి వచ్చి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. ఒక పొట్లం విప్పి చేతిలో పెట్టింది. "ముందుగాల తిను. ఆయన ఆకలి మీదుండు, నువ్వూ ఆకలి మీదున్నవ్. తిన్నంక కూడ కోపముంటే అప్పుడు ఏడువు" అంది. తిన్నాక నిజంగానే ఏడుపు రాలేదు. ఈ మాటను నేనిప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు నాదేనన్నట్టు చెబుతుంటాను.

ఇక ఆ తలుపు సంగతి చెప్పాలి. ప్రయాణంలో ఉన్నప్పుడు విమానం తలుపులకు గాలితో ఉబ్బే పెద్ద జారుడుబల్ల తగిలించి ఉంటుంది. ప్రమాదమొస్తే జనం దాని మీదుగా కిందికి జారాలి. నేల మీద దిగి ఆగగానే ఒక మీట మార్చి ఆ లంకె తీసేయాలి. తీయకుండా తలుపు తెరిస్తే అది బాంబులా పేలి బయటికి తన్నుకొస్తుంది. అందుకే మా పనిలో ఒక కట్టుబాటుంది. ఎవరి తలుపు మీట వాళ్లు మార్చాలి. తర్వాత ఎదుటి తలుపు మీటను కళ్లతో చూసి, సరిగ్గా ఉంటే బొటనవేలు పైకెత్తి చూపాలి. నా తప్పును నువ్వు, నీ తప్పును నేను పట్టుకోవాలన్నమాట.

ఆ రోజు వెనక కుడి తలుపు నాది, ఎడమ తలుపు ఆపాది. దిగగానే ఒక పెద్దావిడకు కళ్లు తిరిగి నా మీద ఒరిగింది. ఆమెను కూర్చోబెట్టి వచ్చాను. మీట మార్చాననే అనుకున్నాను. ఎదురుగా ఆపా బొటనవేలు ఎత్తింది. భోజనాల బండివాళ్లు బయటినుంచి సైగ చేశారు, నేను పిడి ఎత్తాను. జారుడుబల్ల పేలి బయటికి తన్నుకొచ్చిన ఆ చప్పుడు ఇప్పటికీ కలలో వినిపిస్తుంది. బండి ఇంకా దూరంగానే ఉండబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

విచారణలో ఇద్దరినీ వేర్వేరుగా కూర్చోబెట్టి రాయించారు. నాకు సరిగా గుర్తులేదని రాశాను. ఆపా రాసిందేమిటో తర్వాత తెలిసింది. "ఆ అమ్మాయి తలుపును చూడవలసిన బాధ్యత నాది. నేను చూడకుండానే వేలెత్తాను." నాకు హెచ్చరిక ఇచ్చి మళ్లీ శిక్షణకు పంపారు. ఆమె సీనియర్ హోదా తీసేశారు. కొన్ని నెలలకు ఆపా రాజీనామా చేసి వనపర్తి వెళ్లిపోయింది. నాగర్‌కర్నూల్‌లో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతూ రోజూ బస్సులో వచ్చిపోతోందని విన్నాను.

"ఊరి పిల్ల కోసం తప్పు నెత్తినేసుకుంది" అన్నారు తోటివాళ్లు. నేనూ అదే నమ్మాను. పదిహేనేళ్ల ఉద్యోగాన్ని నా కోసం వదులుకుందని నమ్మి, కృతజ్ఞత చెప్పడానికి పోవాల్సింది పోయి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. రంజానుకు, దసరాకు ఫోన్లు. అందులోనూ ఆరోగ్యాలు, వానలు. సెలవులకు హైదరాబాదు నుంచి గద్వాల బస్సెక్కితే కొత్తకోట దగ్గర కండక్టరు "వనపర్తి పోయేటోళ్లు దిగాలె" అని కేకేసేవాడు. నేను రెండో వైపు కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని. బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటేదాకా ఇటు తిరిగేదాన్ని కాదు. నాలుగేళ్లలో ఎన్నిసార్లు అలా దాటిపోయానో లెక్కలేదు.

మొన్న ఎండాకాలంలో సెలవుకొస్తే ఆపాకు కాలేయం చెడిందనీ, హైదరాబాదు దవాఖానాలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారనీ తెలిసింది. ఈసారి కొత్తకోటలో దిగాను. వనపర్తి బస్సెక్కాను.

ఆపా నవారు మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. సగమైపోయింది. గొంతు మాత్రం అదే. "వచ్చినవా అవతలి పిల్లా! తొవ్వ దొరకనీకి నాలుగేండ్లు పట్టెనా?" అంది. వాళ్లమ్మను నేను ఖాలా అంటాను. ఆమె నీళ్లిచ్చి, వంటింట్లోకి వెళ్లింది. ఇంక ఆగలేకపోయాను.

"నా వల్లనే నీ నౌకరీ పోయింది ఆపా. తప్పు నాది. నువ్వు నీ మీదేసుకున్నవ్. నీకు మొహం చూపియ్యలేక ఇన్నొద్దులు రాలే. మాఫ్ చెయ్యి" అని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఎవరు చెప్పిండ్రు నీకు? నేనేం మీదేసుకున్న?"

"చూడలేదని రాసినవ్ గదా."

"రాసిన. అదే నిజం. చూడలే."

నాకు అర్థం కాలేదు. ఆపా దిండు మీదనుంచి కొంచెం లేచింది.

"దిగేటప్పుడు మెత్తటి చెప్పులు ఇడిసి ఎత్తు మడమలయి తొడుగుతం గదనే. ఒకటి తొడిగిన. ఇంకోటి భోజనాల ట్రాలీ కిందికి జారింది. ప్రయాణికులు లేస్తున్నరు, నేనేమో ఒంటికాలు మీదున్న. కాలుతోటి చెప్పు దేవులాడుకుంట ఏలు లేపిన. నీ తలుపు దిక్కు కన్నే ఎత్తలే. నీ కోసం నేను త్యాగం గీగం ఏం చెయ్యలే పిల్లా. చెప్పు కోసం చేసిన!"

నేను ఆమె కాళ్ల వైపు చూశాను.

"చూసుంటే ఆపుతుంటి గద" అంది, గొంతు తగ్గించి. "నేను ఒక్క చూపు చూడకపాయె, నీ కాగితాల మీద మచ్చ పడె. నువ్వు ఊరికొచ్చుకుంట కూడ ఈడ దిగుతలేవంటే, కోపమొచ్చిందనుకున్న. నాకే నీతోటి మాట్లాడ మొహం చెల్లలే."

"మరి నౌకరీ ఎందుకు ఇడిసినవ్?"

"మోకాళ్లు పోయినయి. అమ్మ ఒక్కతే ఉండె. ఇగ చాలనిపించింది. నీకు చెప్తనే ఉంటి, నువ్వే వినలే."

అంటే నాలుగేళ్లుగా నది ఇవతల ఆమె, అవతల నేను, ఎవరి తప్పును వాళ్లు మోసుకుంటూ, రెండోవాళ్లు కోపంగా ఉన్నారని భయపడుతూ కూర్చున్నాం. నేను దేవతను చేసి పెట్టుకున్న మనిషి ఒక చెప్పు వెతుక్కుంటోందంతే. మొదట కాస్త చిన్నబుచ్చుకున్నానని ఒప్పుకుంటాను. నా కోసం ఒకరు అంత పని చేశారన్న గొప్ప నాలుగేళ్లు అనుభవించానుగదా. తర్వాత నవ్వు పుట్టింది. ఆపాకు నాకంటే ముందే పుట్టింది. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే ఖాలా పరుగెత్తుకొచ్చి, "దవాఖానోళ్లు నవ్వమన్నరా నిన్ను, అట్లనే పండుకో" అని ఇద్దరినీ తిట్టింది.

ఆ పూట అన్నం తిన్నాం. ఆపా రెండు ముద్దలే తిన్నా, నా కంచంలోకి చూస్తూ కూర్చుంది. నేను లేస్తుంటే, "ఇగ కొత్తకోట కాడ తల తిప్పుకోకు" అంది. తిప్పుకోనన్నాను. మళ్లీ వచ్చే సెలవుదాకా ఆమె ఉండదని ఇద్దరికీ తెలుసు. అయినా అనాల్సినంత బరువు ఇక మా మధ్య ఏదీ మిగల్లేదు.

నేను ఆటో ఎక్కాక గడప దగ్గర అలికిడైంది. చూస్తే ఆపా గోడ పట్టుకుని బయటి బండల మీదికి వచ్చేసింది. మిట్టమధ్యాహ్నం ఎండ. లోపలినుంచి ఖాలా అరుస్తోంది, "కాళ్లు కాలుతయే, చెప్పులేస్కో!"

ఆ మాట వినగానే ఆపా నావైపు చూసి మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది. లోపలికి పోలేదు, చెప్పులూ వేసుకోలేదు. ఆ కాలే బండల మీద ఒక కాలు ఎత్తి, అది దించి ఇంకోటి ఎత్తుతూ, గోడ పట్టుకుని నవ్వుతూనే ఉంది, ఆటో మలుపు తిరిగేదాకా.