అయిదుకి అయిదు మార్కులు
కుట్టుమిషను ముందు కూర్చుందంటే టైలరమ్మ నోరు ఊరుకోదు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా వీధి వీధంతటితో పరాచికాలాడుతుంది. ఆ రోజు అప్పిచ్చిన కంపెనీ నుంచి ఓ అమ్మాయి వచ్చి, "వసూలుకొచ్చే అతను మర్యాదగా ఉంటాడా? అయిదుకి ఎన్ని మార్కులేస్తారు?" అని అడిగింది. అతను గుమ్మంలోనే నిలబడి, టైలరమ్మ కూతురి జడకి ఊడిన రిబ్బను ముడేస్తున్నాడు. ఎన్నడూ గొంతు పెంచి ఎరగడు. కిందటిసారి వాయిదా తప్పినప్పుడు మాత్రం, "పాప బడి నుంచి ఒక్కతే వస్తుందా అక్కా?" అని మెల్లగా అడిగి వెళ్లాడు. టైలరమ్మ సూదులన్నీ తీసి బల్ల మీద పెట్టింది. "సొంత తమ్ముడిలా చూసుకుంటాడమ్మా. అయిదుకి అయిదూ వేసుకో," అంది. అమ్మాయి సంతోషంగా రాసుకుని వెళ్లిపోయింది. "బాగా చెప్పావక్కా," అంటూ అతను పాప చెయ్యి పట్టుకున్నాడు. "రేపటి నుంచి బడికి నేనే దింపుతాలే." టైలరమ్మ నవ్వుతూనే కూతుర్ని తన వైపు లాక్కోబోయింది. అతనూ నవ్వాడు గానీ, చెయ్యి వదల్లేదు.