చపాతీ మీద సెయింట్ విన్సెంట్

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ కింద బట్టలు ఉతుక్కునే గది ఉండేది. కాపురానికి వెళ్ళిన కొత్తలో అక్కడే ఆవిణ్ణి చూశాను. చామనచాయ, నూనె రాసి బిగించి అల్లిన జడ. అచ్చం మా పెదనాన్న కూతురే. ఆగలేక, "ఏ ఊరక్కా మీది?" అని తెలుగులోనే అడిగేశాను. ఆవిడ నవ్వేసి, తనది సెయింట్ విన్సెంట్ అని, కరీబియన్ సముద్రంలో చిన్న ద్వీపమని ఇంగ్లీషులో చెప్పింది. ఇండియా మొహమే చూడలేదట. వాళ్ళ అమ్మమ్మని కన్నతల్లి మాత్రం మద్రాసు రేవులో ఓడెక్కిందట.

నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆవిడకి ఓపిక ఎక్కువ. అలా కుదిరింది స్నేహం. అక్కా అనే పిలిచేదాన్ని.

ఆ ఏడు, అంటే 1979లో, ఈస్టర్ ముందు శుక్రవారం పొద్దున, వాళ్ళ ద్వీపంలో అగ్నిపర్వతం పేలిందని టీవీలో చెప్పారు. అక్క చెప్పుల్లేకుండా మెట్లెక్కి వచ్చి నా తలుపు బాదింది. వాళ్ళమ్మ ఉండేది ఆ కొండ కిందే. ఫోన్ చేస్తే కలవడం లేదు. చెప్పీ చెప్పగానే, ఈలోగా ఫోన్ మోగుతుందేమోనని మళ్ళీ కింద అంతస్తులో తన ఇంటికి పరిగెత్తింది. చపాతీల పిండి గిన్నె పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను. ఏడుస్తున్న మనిషి దగ్గర ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు.

"మీ ఇంటికీ కొండకీ ఎంత దూరం అక్కా?"

బల్ల మీద నేను ఒత్తిన చపాతీని తనవైపు లాక్కుంది. నా చపాతీలు ఎప్పుడూ గుండ్రంగా రావు.

"ఇదిగో, ఇదే మా దేశం. మొత్తం ఇంతే!" పైకొసన పిండిని గిల్లి కొండ లేపింది. "ఇటు పడమర, సముద్రం నెమ్మది. అటు తూర్పు, అలలు పడవల్ని బతకనివ్వవు. మా అమ్మ అటుపక్క. ఊరూ రేవూ ఇదిగో, ఈ దక్షిణం కొసన."

"ఇంత ముక్క కోసం తెల్లవాళ్ళు కొట్టుకున్నారా?"

"ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, మళ్ళీ ఫ్రెంచివాళ్ళు, మళ్ళీ ఇంగ్లీషువాళ్ళు! అంతకుముందు నుంచీ అక్కడున్న కారిబ్ జనం తిరగబడితే, పట్టుకుని ఓడల్లో ఎక్కడికో పంపేశారు. ఆఫ్రికావాళ్ళని బానిసలుగా తెచ్చి చెరకు వేయించారు. వాళ్ళకి విడుదల వచ్చాక మీవాళ్ళని తెచ్చారు."

"మావాళ్ళేంటి, మీవాళ్ళు కాదా?"

ఏడుస్తూనే నవ్వింది. "ఈ ఏడు ఇంగ్లీషువాళ్ళు స్వతంత్రం ఇస్తామంటున్నారు, పిల్లా. ఆ కొండ ఏమైనా మిగలనిస్తే కదా."

చటుక్కున లేచి గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ తీసింది. గోడ మీదున్న వాళ్ళమ్మ ఫోటో చుట్టూ తిప్పి, పొయ్యి మీద కాలుతున్న ఇనప పెనంలో పడేసింది. శిలువ వేలాడుతున్న ఇంట్లో దిష్టి తీస్తోంది! మిరపకాయలు నల్లబడ్డాయి. దగ్గు రాలేదు.

"ఘాటు రాలేదు. చూశావా, దిష్టి ఉంది," అంది.

మా అమ్మా ఇదే మాట అనేది. ఘాటొస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. మద్రాసు రేవులో ఓడెక్కిన ఆ మనిషి వెంట ఇదీ వెళ్ళిందన్నమాట.

నన్ను వెతుక్కుంటూ మా ఆయన వచ్చాడు. పెనం చూసి, "ఏంటే, కొండక్కూడా దిష్టి తీస్తున్నారా?" అన్నాడు.

"మీరు కాసేపు ఊరుకోండి," అన్నాను. అక్క మొహం చూశాక తనే కుర్చీ లాక్కుని ఫోన్ పక్కన కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి మోగింది. అక్క అరిచిన అరుపుకి నా చేతిలో అప్పడాలకర్ర కిందపడింది. వాళ్ళమ్మ క్షేమం. రాళ్ళూ బూడిదా కురుస్తుంటే లారీ ఎక్కి దక్షిణానికి వచ్చేసింది. ఊళ్ళో ఏదో బడిలో ఉంచారట. కాసేపు మాట్లాడి, అక్క రిసీవర్ నా చేతికిచ్చింది.

"ఇండియా పిల్లవి నువ్వేనా? మీ దగ్గర మండే కొండలున్నాయా?" అని అడిగింది పెద్దావిడ.

"మా వైపు లేవమ్మా."

"మరి మావాళ్ళెందుకు వచ్చేశారు?"

నేను పదో తరగతి దాకా చదివాను. ఏ పాఠంలోనూ ఆ ఓడ లేదు. కరువనుకోవచ్చు, ఎవరో ఆశపెట్టారనుకోవచ్చు. కానీ ఇల్లు బూడిదలో వదిలేసి వచ్చిన మనిషికి అనుకున్న మాటలు ఎలా చెప్పను?

"తెలియదమ్మా," అన్నాను.

"పోనీలే," అంది. "అన్నం తిన్నావా?"

అప్పటిదాకా ఏడవనిదాన్ని అప్పుడు ఏడ్చాను.

బల్ల మీద ద్వీపం చపాతీ ఎండిపోతోంది. పెనం తుడిచి కాలుద్దామని తీయబోతే, అక్క నా చేయి పట్టుకుంది.

"ఉండనీ," అంది.