పదకొండు గంటల సైరన్

నిన్న టీవీలో ఇంగ్లండు వాళ్లు యుద్ధంలో పోయినవాళ్ల గుర్తుగా కోటుకు ఎర్ర కాగితపు పువ్వు పెట్టుకుని మౌనంగా నిలబడటం చూశాను. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన నా ఈడు వాళ్లకు గుర్తుందా? ఏటా నవంబరు పదకొండున, పదకొండు గంటలకు రైలింజన్ల షెడ్డు సైరన్ మోగేది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ల కోసం అందరూ రెండు నిమిషాలు కదలకుండా నిలబడేవారు.

మా నాయనమ్మ కూడా పొయ్యి వదిలి వాకిట్లో నిలబడేది. ఆ యుద్ధానికి కూలీగా వెళ్లిన మా చిన్నాన్న సూరి తిరిగి రాలేదు. ఇంజను డ్రైవరు దొరగారి భార్య ఇచ్చిన అలాంటి కాగితపు పువ్వునే నాయనమ్మ దేవుడి గూట్లో దాచుకునేది.

ఒకసారి నాన్నను అడిగింది. "ఒరే, మన సూరిగాడి పేరు తలుస్తారేటి?"

"పేర్లు చదవరమ్మా. ఊరికే నిలబడతారు."

"అయితే మనోడూ ఉన్నట్టే."

మరుసటి ఏడు సైరన్ మోగగానే నాన్నా వాకిట్లోకి వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు.