హవల్దారు రాసిన పేరు

మా సబ్‌స్టేషన్ హవల్దారు పోయాడని లైన్‌మన్ ఫోన్ చేసినప్పుడు నేను చిత్తూరు ఆఫీసులో టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను. "మేడం, హవల్దారు పోయినాడు. తిరపతిలో ఆఫీసు బెంచీ మింద కూసోనుండంగానే పక్కకు ఒరిగిపోయినాడంట" అన్నాడు. ఏ ఆఫీసని అడిగాను, చెప్పాడు. ఎందుకు వెళ్లాడని మాత్రం అడగలేదు. ఆయన చేతిలో ఏ అర్జీ ఉండి ఉంటుందో నాకు తెలుసు. ఆ అర్జీ రాయాల్సిన గతి ఆయనకు పట్టించిన సంతకాల్లో ఒకటి నాది.

పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు. నాకు ఒళ్లు మండుతోంది. చదివేవాళ్లు ఓర్చుకోండి.

ఏర్పేడు దాటాక, ఊళ్లకు దూరంగా, పెద్ద సబ్‌స్టేషన్ ఒకటుంది. అక్కడ నేను ఏఈగా చేరిన మొదటిరోజు గేటు దగ్గర నన్ను ఆపింది ఈయనే. మిలిటరీలో హవల్దారుగా రిటైరై వచ్చి మా దగ్గర వాచ్‌మన్‌గా ఉండేవాడు. "కార్డు సూపించమ్మా" అన్నాడు. కొత్త ఏఈని నేనే, కార్డు ఇంట్లో మరిచిపోయానన్నాను. "అట్లయితే ఈడ కూసో తల్లీ" అని నీడలో స్టూలు వేశాడు, తన సీసాలోని మజ్జిగ గ్లాసులో పోసిచ్చాడు. పైఅధికారి ఫోన్ చేసి చెప్పేదాకా లోపలికి మాత్రం రానివ్వలేదు. అప్పుడు లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. నాకు వారం రోజులు ఆయన మీద కోపం పోలేదు. ఇంట్లో మా ఆయన విని పడీపడీ నవ్వాడు.

ఆయనకో అలవాటు ఉండేది. రోజూ సాయంత్రం కంచె బయట చుట్టూ ఉన్న మట్టి బాటమీద ఒక కంపను ఈడ్చుకుంటూ తిరిగేవాడు. మట్టి నున్నగా అయ్యేది. పొద్దున్నే టీ కూడా తాగకుండా దానిమీద పడిన అడుగులు చూసుకుంటూ చుట్టి వచ్చేవాడు. సరిహద్దులో నేర్చుకున్న పనట. "ఈడ నక్క పోయిండాది. ఈడ మన లైన్‌మన్ ఒంటేలుకు వచ్చినాడు, ఆ పిలకాయ ఎడమ చెప్పు అరిగుండాది" అని నాకు పాఠం చెప్పేవాడు. చూసిందంతా గీతల నోటుబుక్కులో రాసేవాడు. టైము, ఎవరు, ఎటునుంచి ఎటు. అక్షరాలు గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉండేవి.

ఆ నోటుబుక్కులో అందరికన్నా ఎక్కువసార్లు ఉన్న పేరు మేకలు కాచుకునే ఒక ఆమెది. పక్క పల్లె. రోజూ పొద్దున కంచె పక్కగా మేకల్ని తోలుకుని గుట్టవైపు పోయేది. ఈయన గేటు దగ్గర ఆపి, "ఏమి సూసినావు సెల్లే?" అని అడిగేవాడు. ఆమె చెప్పేది. తుమ్మచెట్ల కింద ఎవరో బీడీలు తాగి పోయారని, తెలియని మోటారుసైకిలు రెండు రోజులుగా కాలువ దగ్గర ఉందని. ఆమె చెప్పిన ప్రతిదాన్నీ ఆయన పోయి చూసుకునేవాడు, ఆమె పేరు రాసి పక్కన ఆ సంగతి రాసేవాడు.

ఒకసారి ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. "అన్నా, గుట్ట కాడ టవరుకు నట్లు ఇప్పుతాండారు! నలుగురుండారు!" హవల్దారు నాకు ఫోన్ చేశాడు, నేను పోలీసులకు చేశాను, దొరికారు. ఇనుము దొంగలే కావచ్చు, ఆ టవరు కూలి ఉంటే ఆస్పత్రులతో సహా ఎన్ని ఊళ్లు చీకట్లో పడేవో మా డిపార్టుమెంటుకు తెలుసు. ప్రశంసాపత్రం నాకు వచ్చింది. ఫ్రేము కట్టించి పెట్టుకున్నాను కూడా. ఆమెకు హవల్దారు ఒక కొత్త గొడుగు కొనిచ్చాడు.

ఆ తర్వాతే వచ్చింది, ఉమ్మడి భద్రత. కీలకమైన స్థావరాలను ఉగ్రవాద దాడుల నుంచి కాపాడటానికి ప్రభుత్వమూ ప్రైవేటు వాళ్లూ చేయి కలపాలన్నారు. మంచి మాటే, నేనేమీ కాదనను. విద్యుత్ శాఖ, పోలీసులు, రెవెన్యూ, ఒక సెక్యూరిటీ ఏజెన్సీ కలిసి కమిటీ అయ్యాయి. తిరుపతిలో ఒక హోటల్లో మీటింగు పెట్టారు. బ్యానరు, శాలువాలు, తెరమీద బొమ్మలు. కంచె చుట్టూ కెమెరాలు వస్తాయని ఏజెన్సీ మేనేజరు చెబుతుంటే, వెనక వరుసలో నిలబడ్డ హవల్దారు చెయ్యెత్తాడు. "సార్, కెమెరా సూస్తాది. అడగదు. మనిసైతే నిలబెట్టి అడగతాడు గదా" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు "మంచి పాయింట్" అని తర్వాతి బొమ్మకు పోయాడు.

కాపలా ఏజెన్సీ చేతికి పోయింది. వయసు దాటిందని హవల్దారును తీసేశారు. మట్టి బాటమీద సిమెంటు పోశారు. ఆయన నోటుబుక్కులన్నీ అట్టపెట్టెలో పెట్టి పట్టుకుపోయారు. పోనీ చదివారా? చదవలేదు. లెక్కపెట్టారు. కంచె దగ్గర తరచుగా తిరిగే అనుమానితుల జాబితా కావాలని కమిటీ అడిగింది కాబట్టి, ఏజెన్సీ కుర్చీలో కూర్చున్నవాడెవడో ఆ పుస్తకాల్లో ఏ పేరు ఎన్నిసార్లు ఉందో ఎంచాడు. అన్నిటికన్నా ఎక్కువ ఉన్న పేరును అన్నిటికన్నా పైన పెట్టాడు. పక్కనే ఆమె ఏమి చెప్పిందో రాసి ఉంటే, దాని జోలికే పోలేదు. కమిటీ మీటింగులో ఆ జాబితా నా ముందుకు వచ్చింది. బజ్జీలు తింటున్నాం. చేతికి నూనె అంటి ఉంటే ఎడమచేత్తో కాగితం తిప్పి, కుడిచేతి వేళ్లు తుడుచుకుని సంతకం పెట్టాను. చదవలేదు. ఇది దాచుకోవడానికి నాకు మనసొప్పడం లేదు.

అప్పటినుంచి తిరుపతికి పెద్దమనిషి ఎవరు వచ్చినా ఆమెను పోలీసు స్టేషనుకు పిలిపించడం మొదలుపెట్టారు. తిరుపతికి ఎవరు రారు చెప్పండి? పొద్దున పోతే సాయంత్రందాకా అరుగుమీద కూర్చోవాలి. మేకలు దొడ్లో అరుస్తూ ఉండేవి. పల్లెలో జనం ఆమెతో మాటలు తగ్గించారు.

హవల్దారు చిత్తూరు వచ్చాడు. అప్పటికే నాకు బదిలీ అయింది, కమిటీలో మాత్రం ఇంకా ఉన్నాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "ఆయమ్మ పేరు నేనే రాసినానమ్మా. సాచ్చిగా రాసినా. దొంగని రాయలా. నా సేత్తో రాసిన పేరు, నేనే కొట్టేయించాల. యాడికి పోవాల్నో సెప్పు."

ఎక్కడికి పోవాలో నాకు తెలిస్తే కదా! స్టేషనుకు పోతే, జాబితా మాది కాదు, విద్యుత్ శాఖది అన్నారు. మావాళ్లు ఏజెన్సీని అడగమన్నారు. ఏజెన్సీవాళ్లు కమిటీ ఆమోదించింది, మేమేం చేయలేమన్నారు. కమిటీకి ఆఫీసంటూ లేదు, మీటింగులే ఉన్నాయి. చేయి కలపడమంటే ఇదా? ఇన్ని చేతులు కలిసి ఒక్క పేరు కొట్టేయలేకపోయాయి. ఆయన కాళ్లరిగేలా తిరిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడల్ జేబులో పెట్టుకుని పోయేవాడు. "తగిలించుకోవచ్చు కదా" అంటే "బయపెట్టేదానికి పోలేదమ్మా, అడిగేదానికి పోతాండా" అనేవాడు. వచ్చే మీటింగులో నేను లేవనెత్తుతానని మాటిచ్చాను. ఒక మీటింగుకు సెలవులో ఉన్నాను. ఇంకోదానికి పోయి కూడా, పైవాళ్లు తొందరలో ఉన్నారని నోరు మూసుకున్నాను.

మధ్యలో మాక్‌డ్రిల్ జరిగింది. జీపులో నలుగురు ముఖాలకు గుడ్డలు కట్టుకుని ఉగ్రవాదుల వేషంలో వచ్చారు. వాళ్లు వచ్చే టైము కూడా అందరికీ ముందే చెప్పారు. గేటు దగ్గర కొత్త గార్డు వాళ్లకు అడ్డకర్ర ఎత్తి దారిచ్చాడు, ఫొటోలకు ఆలస్యమవుతుందని. ఆ రోజు అనుమానితులు చుట్టుపక్కల ఉండకూడదని మేకలామెను పొద్దున్నే స్టేషనులో కూర్చోబెట్టారు. నిజం దొంగల్ని పట్టించిన మనిషి అక్కడ, అబద్ధం దొంగలు ఇక్కడ భోజనాల దగ్గర. హవల్దారు ఆమెకు సంగటి క్యారియరు తీసుకుపోయి, స్టేషను బయట ఎండలో రోజంతా నిలబడ్డాడట. "నువ్వెందుకన్నా ఈడ, పో" అని ఆమె కసురుకుంటే, "డూటీ సెల్లే" అన్నాడట.

ఆయన పోయిన తర్వాత కమిటీ మీటింగులో రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఉమ్మడి భద్రతకు ఆయన సేవలు మరువలేనివని ఒకాయన చదివాడు. ఆ తర్వాత గుమాస్తా లేచి పెండింగు అర్జీలు చదివాడు. "అర్జీదారు మరణించినందున ఈ అర్జీ ముగించడమైనది." తర్వాతి అంశానికి పోబోయాడు.

నేను లేచాను. ఇన్నాళ్లూ రాని గొంతు ఆ రోజు ఎక్కడినుంచి వచ్చిందో! "అర్జీదారుడు చచ్చిపోతే ఆమె అనుమానితురాలు అయిపోతుందా? ఆ పేరు మీద సంతకం పెట్టిన నేను బతికే ఉన్నాను. చదవకుండా పెట్టాను. రాసుకోండి" అన్నాను. మేనేజరు "కూర్చోండి మేడం, ఎమోషనల్ కావద్దు" అన్నాడు. కూర్చోలేదు. ఆ అర్జీని నా పేరుతో మళ్లీ రాసి, అక్కడే ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకునేదాకా తలుపు దగ్గర నిలబడ్డాను. పరిశీలనలో ఉందంటున్నారు. ఇది రాస్తున్న రోజుకు కూడా ఆమె పేరు జాబితాలోనే ఉంది. హవల్దారు బతికుండగా ఇదే పని చేయడానికి నాకేం రోగం వచ్చిందో!

అర్జీ మళ్లీ ఇచ్చిన సంగతి ఆమెకు చెబుదామని మీటింగు మర్నాడు పొద్దున్నే సబ్‌స్టేషనుకు పోయాను. కారు దిగకముందే కనిపించింది. గేటు పక్క స్తంభానికి బిగించిన కెమెరా ముందు నిలబడి ఉంది. చీర కొంగు నెత్తిమీద నుంచి తీసేసి, ముఖం బాగా కనిపించేలా పైకెత్తింది. ఒక చేత్తో ఆధార్ కార్డు ఎత్తి పట్టుకుంది.

"నేనేనబ్బా. మేకలు పదకొండు. గుట్టకు పోతాండా. మాపటికి ఇట్లనే వస్తా" అని గట్టిగా, మనిషితో చెప్పినట్టు చెప్పింది.

"ఇట్లా చెప్పమని ఎవరన్నారమ్మా?" అన్నాను.

"ఎవురూ అన్లేదు మేడం. ఆయన ఉన్నెప్పుడు అడిగేవాడు, సెప్పేదాన్ని. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. అడక్కపోయినా నేనే సెప్పేస్తే మేలు గదా."

మేకలు అప్పటికే గుట్టదారి పట్టాయి. ఆమె వాటివైపు చూసి కూడా కదల్లేదు. కార్డు పట్టుకున్న చెయ్యి దించకుండా, ఇంకొంచెం పైకెత్తి, ఎవరైనా "సరే, పో" అంటారేమోనని ఎదురుచూస్తూ అట్లాగే నిలబడింది.