గ్లాసు తేరుకునేదాకా

మా బాబాయికి ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు ఉంది. అది మడ్డి. టీ అడుగునున్నా, బకెట్టు అడుగునున్నా, మనిషి మనసులో ఉన్నా సరే, అది కిందికి దిగేదాకా ఆయన దేన్నీ ముట్టుకోడు, ఇంకొకర్ని ముట్టుకోనివ్వడు. చేసే ఉద్యోగం మాత్రం కాలవలు తవ్వించే సూపర్‌వైజరు. పొద్దున లేస్తే మట్టి కెలకడమే పని. ఎవరికి ఏ పని అప్పజెప్పాలో దేవుడు బాగా ఆలోచించే అప్పజెబుతాడనుకుంటాను.

ఇంట్లో పిన్ని టీ తెచ్చిస్తే దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుని కాపలా కూర్చుంటాడు.

"చల్లారిపోతోంది, తాగండి."

"చల్లారడం లేదు, తేరుకుంటోంది."

"వడగట్టే తెచ్చాను కదా."

"వడగట్టామన్నవాళ్ళనల్లా నమ్మితే నాకీ ఉద్యోగం ఎందుకు?"

పిన్నికి కోపం వచ్చినా ఇదే మందు. ఆవిడ వంటింట్లో గిన్నెలు దడదడలాడిస్తుంటే ఎదురు చెప్పడు. కుర్చీలో వెనక్కి వాలి, "కాస్త తేరుకో" అంటాడు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ తేరుకుంటూనే ఉన్నాను" అంటుంది ఆవిడ, ఇంకో గిన్నె అందుకుంటూ.

నా ఖర్మ కొద్దీ, చదువయ్యాక నాకు ఉద్యోగం బాబాయి పనిచేసే చోటే వచ్చింది. జూనియర్ ఇంజనీరుని. కాగితం మీద నేను ఆయనకి పై అధికారిని. ఆ సంగతి ఆ కాగితానికీ నాకూ తప్ప సైటులో ఎవరికీ తెలియదు.

కొత్త ఇళ్ళ మధ్య నిలిచే వాన నీళ్ళు వాగులోకి పోవడానికి కాలవ తవ్వుతున్నాం. తవ్విన గోతిలో ఊట నీళ్ళు చేరతాయి, వాటిని పంపుతో తోడాలి. ఇంకెవరైనా అయితే గొట్టం తీసుకెళ్ళి వాగులో పడేసి చేతులు దులుపుకునేవారు. బాబాయి పక్కన ఇంకో గుంట తవ్వించాడు. బురద నీళ్ళు అందులో పడాలి, మట్టి అడుక్కి దిగాలి, పైన తేరిన నీళ్ళే వాగులోకి పోవాలి. గట్టు పొడుగునా గుడ్డతో కంచె కట్టించాడు. మబ్బు కనబడితే చాలు, మట్టి కుప్పలన్నిటికీ పట్టాలు కప్పించేవాడు. నా చిన్నప్పుడు నాకెవరూ అంత శ్రద్ధగా దుప్పటి కప్పలేదు. జేబులో ఎప్పుడూ ఒక గాజు గ్లాసు ఉండేది. దాన్ని వాగులో ముంచి, ఎండకి ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు. పనివాళ్ళు ఆయనకి 'తేటగారు' అని పేరు పెట్టారు.

"డ్రైనేజీ తవ్వుతూ నీళ్ళు తేటగా ఉండాలంటావేంటి బాబాయ్? అందరూ నవ్వుతున్నారు."

"కాలవంటే మనం తవ్వాం. వాగు మనం తవ్వలేదు కదమ్మా."

దిగువన ఒకావిడ చేపపిల్లలు పెంచుతుంది. ఆ వాగు నీళ్ళే ఆవిడ తొట్లలోకి పోతాయి. బురదొస్తే పిల్లలకి ఊపిరాడదని చెబుతూ బాబాయి తన ముక్కు మూసుకుని మరీ చూపించేవాడు. చేపలు ముక్కుతో పీల్చవని చెప్పి చూశాను, లాభం లేకపోయింది.

లారీ ఏదైనా చక్రాలు కడుక్కోందే రోడ్డెక్కడానికి వీల్లేదు. ఒకసారి మా పెద్ద ఇంజనీరుగారి కారునీ ఆపేశాడు. ఆయన వాగుని కారు అద్దంలోంచి తప్ప చూసి ఎరగరు. చక్రాలు కడిగించడమే కాక, కిందికి దిగిన పాపానికి ఆయన బూట్లు కూడా కడిగించాడు. మేజోళ్ళు తడిసిన అధికారి అంత తొందరగా మరిచిపోడు. ఆ రోజునుంచీ మా సైటులో ఏదో ఒక తప్పు దొరక్కపోతుందా అని ఆయన కాచుకుని ఉన్నారు.

దొరికింది. పంపు ఆపరేటరు భార్యకి నెలలు నిండాయి. ఆస్పత్రి నుంచి ఫోను రాగానే, గొట్టానికి తాడు సగం కట్టి అతను మాట్లాడ్డానికి పక్కకి పరిగెత్తాడు. తాడు జారింది. గొట్టం గుంటలోంచి ఎగిరి కంచె అవతల పడి, బురదంతా వాగులోకి కక్కింది. చూస్తూండగానే వాగు టీ రంగుకి తిరిగింది. సరిగ్గా అప్పుడే పెద్ద ఇంజనీరుగారి కారు వచ్చి ఆగింది. వేళ చూసుకుని రావడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు.

బాబాయి ఆపరేటరు పీక పట్టుకుంటాడనే అనుకున్నాను. ముందు పంపు ఆపాడు. చేపలావిడకి ఫోను చేసి తొట్లలోకి నీళ్ళు రాకుండా ఆపెయ్యమన్నాడు. వాగుకి అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చమని పనివాళ్ళని దింపాడు.

"తేటగారూ, తప్పయిపోయింది" అన్నాడు ఆపరేటరు.

"ముందు వాగులోకి దిగు. తర్వాత తిడతాను."

సైటు గదిలో పెద్ద ఇంజనీరుగారు నా ఎదురుగా కూర్చున్నారు. "వాణ్ణి పనిలోంచి తీసేసినట్టు టైపు చెయ్యమ్మా. సంతకం పెట్టేసి పోతాను."

అప్పుడే బాబాయి వాగు నీళ్ళతో గ్లాసు నింపుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏమిటయ్యా ఇది?"

"రుజువండి. తేరుకోనివ్వండి. అడుగున ఎంత మడ్డి దిగితే అంత తప్పు రాయించండి."

రుజువంటే ఆయనకి ప్రాణం. సరేనని కూర్చున్నారు. గ్లాసు వంక చూశారు. ఫోను వస్తే వరండాలోకి వెళ్ళి మాట్లాడి వచ్చారు.

"ఇంకా దిగలేదేం?"

"మొండి మట్టండి."

మళ్ళీ ఫోను, మళ్ళీ వరండా. ఈలోగా టీ వచ్చింది. "పాపం, వాడి పెళ్ళానికి నొప్పులట" అన్నాడు బాబాయి, తనలో తను అనుకుంటున్నట్టుగా. "ఏ ఆస్పత్రి?" అన్నారు పెద్ద ఇంజనీరుగారు. ఆయన కూతురికీ వచ్చే నెలేనట. మాట అటు మళ్ళింది. గ్లాసులో నీళ్ళు మాత్రం ముంచి తెచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఎంత మొండి మట్టయినా పైన కొంచెమైనా తేటపడాలి. నేను చదివిన చదువు అబద్ధమేమోనని భయం వేసింది.

మూడోసారి ఆయన వరండాలోకి వెళ్ళినప్పుడు తల ఎత్తి చూశాను. బాబాయి టీ స్పూను పుచ్చుకుని గ్లాసులో గిరగిరా తిప్పుతున్నాడు. జన్మలో టీ కప్పైనా కదపనివ్వని మనిషి. నన్ను చూసి స్పూను జేబులో వేసుకుని కిటికీ వంక తిరిగాడు. కిటికీలోంచి వాగు కనిపిస్తోంది. నడుం లోతు నీళ్ళలో ఆపరేటరు ఇంకా బస్తాలు మోస్తున్నాడు.

చివరికి పెద్ద ఇంజనీరుగారికే విసుగొచ్చింది. "ఈ గ్లాసు తేరేలా లేదు గానీ, పద, వాగే చూద్దాం" అన్నారు. వెళ్ళి చూస్తే బస్తాలకి ఇవతల బురద ఆగిపోయింది, అవతల అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. చేపలావిడ కూడా పిల్లలు క్షేమమని ఫోను చేసింది. ఆయన "ఈసారికి వదిలేస్తున్నాను. తాడు గట్టిగా కట్టించు" అన్నారు. వెళ్ళేటప్పుడు బాబాయి కారు ఆపి చక్రాలు కడిగించాడు. పెద్ద ఇంజనీరుగారు లోపలే బూట్లు సీటు మీదికి ముడుచుకుని కూర్చున్నారు.

ఆపరేటరు ఒడ్డెక్కి తిట్లకోసం తల వంచుకుని నిలబడ్డాడు. "కాళ్ళు కడుక్కుని ఆస్పత్రికి పో. తిట్లు ఎక్కడికీ పోవు" అన్నాడు బాబాయి.

అతను వెళ్ళాక అడిగాను. "బాబాయ్, గ్లాసులో స్పూనేంటి?"

"పంచదార కలిపాను."

"బురద నీళ్ళలోనా?"

"నీళ్ళదేముందే, ఎప్పుడైనా తేరుకుంటాయి. ముందు ఆయన తేరుకోవాలి కదా." జేబులోంచి స్పూను తీసి, పంచెతో తుడిచి నా చేతిలో పెట్టాడు. "మీ పిన్నికి మాత్రం చెప్పకు. రేపట్నుంచి టీ నన్నే కలుపుకోమంటుంది."