ఒంటరిగా వచ్చే డబ్బా

ఖమ్మంలో నేను టెక్నీషియన్‌గా చేసిన ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ మొదటి అంతస్తులో, మా ల్యాబ్ నాలుగో అంతస్తులో ఉండేవి. ఆపరేషన్‌లో తీసిన భాగాన్ని ఫార్మలిన్ అనే ఘాటు మందు పోసిన సీసాలో వేసి, ఆ సీసాను దూది కుక్కిన డబ్బాలో పెట్టి, మూత బిగించి లిఫ్టులో పంపేవాళ్లు. దానితోపాటు మనిషి ఎక్కకూడదు. ఫార్మలిన్ ఒలికితే కళ్లు మండుతాయి, ఊపిరాడదు. పైగా అవి ఎప్పుడు పడితే అప్పుడు కరెంటు పోయే రోజులు. మధ్యలో లిఫ్టు ఆగితే లోపలి మనిషి గతేం కాను?

కింద థియేటర్ ఆయమ్మ డబ్బా పెట్టి, జాలీ తలుపు మూసి, "వస్తుంది మేడం!" అని కేకేసేది. నేను పైనుంచి బటన్ నొక్కేదాన్ని. మెట్లు ఆ లిఫ్టు జాలీ చుట్టూనే తిరిగేవి. రోగుల బంధువులు ఆయాసపడుతూ ఎక్కొచ్చి నామీద విరుచుకుపడేవాళ్లు.

"డబ్బాకు లిఫ్టు, మాకు మెట్లా?" అన్నాడొక పెద్దాయన.

"దానికి కాళ్లు లేవు బాబాయ్," అన్నాను. నా నోరు అప్పట్లో అట్లా ఉండేది.

మా అమ్మది భద్రాచలం అవతల అడవి అంచు పల్లె. రక్తస్రావం ఆగకపోతే మా ఆసుపత్రికే తీసుకొచ్చాను. గర్భసంచి తీసేయాలన్నారు. క్యాన్సరో కాదో మా ల్యాబ్‌లోనే తేలాలి. సెలవు పెట్టమని అందరూ చెప్పారు. నేనే వినలేదు.

ఆ రోజు ఆయమ్మ కేకేయలేదు. గొంతు తగ్గించి, "బిడ్డా, అమ్మది వస్తుంది," అంది.

బటన్ నొక్కాను. రెండో అంతస్తు దాటిందో లేదో కరెంటు పోయింది. జనరేటర్ థియేటర్‌కు మాత్రమే. మెట్లు దిగి అక్కడికి పోయాను. జాలీ లోపల, చేతికందనంత దూరంలో డబ్బా ఉంది. కరెంటు వచ్చేదాకా ఆ జాలీ పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాను.

మర్నాడు వార్డులో అమ్మ అడిగింది. "తీసింది యాడ పెట్టిండ్రు బిడ్డా?"

"మా ల్యాబ్‌ల ఉందమ్మా."

"ఎవలు తీస్కపోయిండ్రు?"

"ఎవలు తీస్కపోరు. ఘాటు మందుల ఉంటది గదా, లిఫ్టుల ఒక్కటే వస్తది."

అమ్మ నా వైపు తిరిగింది. "నిన్ను మోసిన సంచి గదనే. ఒక్కదాన్నే పంపిండ్రా?"

రిపోర్టు చెడ్డగానే వచ్చింది. మార్కెట్ యార్డుకు మిర్చి బస్తాలు వచ్చే కాలానికి అమ్మ లేదు.

దినాలయ్యాక మళ్లీ డ్యూటీలో చేరాను. థియేటర్ నుంచి డబ్బా వస్తోందని ఫోనొచ్చింది. పైన బటన్ దగ్గర ఇంకో అమ్మాయిని నిలబెట్టి నేను కిందికి దిగాను. ఆయమ్మ కంగారుపడింది. "ఏంది బిడ్డా, దాంతోని ఎక్కుతవా ఏంది?"

"లేదు. మెట్లెక్కుత."

ఆ డబ్బాలో ఉన్నది ఎవరి అమ్మదో నాకు తెలియదు. లిఫ్టు కదిలింది. డబ్బా కనుమరుగు కాకుండా, జాలీ పక్కనే గబగబా మెట్లెక్కాను.