దీవెన కుర్చీ ఇచ్చేసి రావడానికి ఆత్మకూరు వెళ్ళిన రోజు

మా ఫోను గ్రూపులో తల్లులు అడుగుతూనే ఉంటారు, ఉదయగిరి నుంచి ఆత్మకూరు థెరపీ సెంటరుకు నడవలేని పిల్లల్ని ఎలా తీసుకెళ్ళాలి, ఏ బస్సు నయం, దారిలో అన్నం ఎక్కడ పెట్టాలి అని. నాలుగేళ్ళు వారం వారం తిరిగిన దారి కదా, నేను రాస్తాలే అని చాలాసార్లు చెప్పాను. దీవెన ఉన్నప్పుడు రాయడానికి తీరలేదు. ఏడో తరగతితో ఆగిన చదువు నాది, తప్పులుంటే సర్దుకుని చదవండి. మొన్న మంగళవారం ఆ దారిలో మళ్ళీ వెళ్ళి వచ్చాను. ఈసారి నాతో దీవెన లేదు, దాని కుర్చీ ఉంది.

దీవెన నా కూతురు. పుట్టినప్పుడు ఏడవలేదు, మెదడుకు గాలి అందలేదని చెప్పారు. తొమ్మిదేళ్ళు పెంచుకున్నాను. మెడ ఆలస్యంగా నిలిచింది, నడక రాలేదు, మాట రాలేదు. వానలు మొదలైనప్పుడు జ్వరం వచ్చింది, వెంటనే ఫిట్సు వచ్చాయి, ఆసుపత్రికి చేరేలోపే పోయింది. ఇప్పటికీ నాకు నమ్మకం కుదరడం లేదు. పొద్దున లేవగానే జావకు గిన్నె పొయ్యిమీద పెట్టేస్తాను, నీళ్ళు మరిగాక గుర్తొస్తుంది. సెంటరువాళ్ళు ఇచ్చిన, నడుముకు బెల్టు, ముందు చిన్న బల్ల ఉన్న కుర్చీ వరండాలోనే ఉండిపోయింది. దాన్ని కదిలించడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. చివరికి మా అత్తే అంది, "దాన్ని చూస్తా ఉంటే నాకు ముద్ద దిగటంలా కరుణా. యాడన్నా ఇంకో బిడ్డ కూర్చుంటుంది, ఇచ్చేసి రా పో." అందుకని బయలుదేరాను. కుర్చీ ఇచ్చేయాలి, దాని చెక్క స్పూను మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు అనుకుని సంచిలో అడుగున పెట్టుకున్నాను.

ఆ స్పూను సంగతి చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. ఉదయగిరిలో చాలామందిమి చెక్క స్పూన్లు, గరిటెలు చేసి బతుకుతాం. నేనూ అదే పని. దీవెన నోట్లో స్టీలు స్పూను పెడితే దవడ బిగబట్టి కొరికేసేది, ముందు పన్ను ఒకటి అలాగే విరిగింది. అందుకని మా కొండమీద దొరికే నర్ది చెక్కతో నేనే ఒకటి చెక్కాను. ఎదురుగా కూర్చుని కుడిచేత్తో పెడతాను కదా, స్పూను నేరుగా పోతే అది తల వెనక్కి విసిరేసేది. పక్కనుంచి మెల్లగా నోట్లోకి వెళ్ళేలా స్పూను మెడ దగ్గర, అంటే కాడ గుంటతో కలిసేచోట, ఎడమవైపుకు వంచి చేశాను. మా దగ్గర సరుకు తీసుకునే ఖాదరన్న దాన్ని చూసి, "ఏందమ్మా ఇది, పచ్చి కొయ్య చెక్కినావా, మెడ తిరిగిపోయుండాది. ఎవరు కొంటారు దీన్ని?" అన్నాడు. "దీనికి మా ఇంట్లోనే గిరాకీ ఉండాదిలేన్నా" అన్నాను. దీవెనను సాగనంపిన రోజు మా అత్త ఆ స్పూను కూడా పెట్టెలో దాని పక్కన పెడదామంది. నేను ఇవ్వలేదు.

ఇక దారి. ఉదయగిరి బస్టాండులో ఏడు దాటాక వచ్చే బస్సు ఎక్కండి, తొమ్మిది గంటల బస్సులో నిలబడటానికి కూడా చోటుండదు. ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు ఇప్పుడు డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు ఇస్తారు. డ్రైవరు వెనక సీటు అడగండి. కాళ్ళు బిగుసుకునే పిల్లలకు అక్కడ చాపుకోవడానికి చోటుంటుంది, ఇంజను వేడి మాత్రం కొట్టుకొస్తుంది, తడి తువ్వాలు దగ్గర ఉంచుకోండి. కుర్చీని డ్రైవరు పక్కన పెట్టనిస్తారు. దారి రెండు గంటలు అనుకోండి. మధ్యలో ఎక్కడా బస్సు ఎక్కువసేపు ఆగదు కాబట్టి గుడ్డలు మార్చేదేదో ఎక్కకముందే మార్చేయండి.

ఆ రోజు మాకు ఎప్పుడూ వచ్చే కండక్టరే వచ్చాడు. కుర్చీ చూడగానే నేను అడగకుండానే మిషను నొక్కాడు. రెండు టికెట్లు వచ్చాయి. చింపి నా చేతిలో పెడుతూ సీటు మీదకు వంగి చూశాడు. "పాపను యాడ కూర్చోబెట్టినావమ్మా?"

"పాప రాలేదన్నా."

"ఒంట్లో బాగాలేదా? మరి కుర్చీ ఎందుకు మోసుకొస్తుండావు?"

"పోయిందన్నా. వానల్లో."

నేను ఒక టికెట్టు తిరిగి ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు. "ఒకసారి కొట్టినాక మిషను వెనక్కి తీసుకోదమ్మా. పెట్టుకో" అని ముందుకు వెళ్ళిపోయాడు. కాసేపటికి మళ్ళీ వచ్చి, నా పక్క సీట్లో కూర్చోబోతున్న ఒకాయనను "వెనక ఖాళీ ఉండాది, పో పెద్దాయనా" అని పంపించేశాడు. ఆత్మకూరు దాకా ఆ చోటు ఖాళీగానే వచ్చింది.

ఉదయగిరి కొండ వెనకబడ్డాక దారంతా ఎండు చేలే. ఊరు వచ్చినచోటల్లా స్పీడు బ్రేకర్లు ఉంటాయి. బస్సు ఎగిరినప్పుడల్లా దీవెన గొంతులో ఒక కేక పెట్టేది, ముందు సీట్లవాళ్ళు భయపడి తిరిగి చూసేవాళ్ళు, అది ఇంకో ఎగురు కోసం ఎదురుచూసేది. ఆ రోజు కూడా ప్రతి బ్రేకరు దగ్గరా నా చెయ్యి దాని నడుము కోసం పక్కకు వెళ్ళింది. చెయ్యి ఖాళీ సీటు మీద పడింది. నాలుగోసారో అయిదోసారో చెయ్యి ఒళ్ళో పెట్టి పైన సంచి పెట్టేశాను.

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఇడ్లీలు మెత్తగా దొరుకుతాయి, అడిగితే పాలు పోసి మెదిపి ఇస్తారు. అక్కడినుంచి సెంటరుకు ఆటోలో యాభై అడుగుతారు. కుర్చీ చూసి ఆటో అతను ఇంకో ముప్పై అన్నాడు. "ఒక మనిషి చోటు తింటుంది గదక్కా అది" అన్నాడు. "మనిషి కిందే లెక్క వేసుకోబ్బయ్యా" అన్నాను. ఆ అబ్బాయికేం తెలుసు.

సెంటరంటే ఒక స్కూలు పక్కన రెండు గదులు. పిల్లల్ని లోపలికి తీసుకుంటారు, తల్లులం బయట రేకుల షెడ్డులో కూర్చోవాలి. తల్లి కనపడితే పిల్లలు పని చెయ్యరు, ఏడుస్తారు అని మొదటిరోజే చెప్పారు. అది నిజమే కూడా. అందుకని నాలుగేళ్ళూ నేను ఆ షెడ్డులోనే కూర్చుని చిన్న గరిటెలు నున్నబడేలా గరుకు ఉప్పుకాగితంతో రుద్దుకుంటూ ఉండేదాన్ని. మధ్యాహ్నం అన్నం పెట్టేది అక్కడి ఆయా కొండమ్మక్క. నేను జావ డబ్బా, స్పూను ఇచ్చి పంపేదాన్ని, సాయంత్రం ఖాళీ డబ్బా వచ్చేది. "నీ కూతురు బాగా తింటుండాది" అని ఆమె ఎప్పుడన్నా అంటే, బాగా పెడుతోందిలే అనుకునేదాన్ని.

కబురు ముందే విన్న కొండమ్మక్క నన్ను చూడగానే వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత తడిగుడ్డ తెచ్చి కుర్చీ తుడిచింది. సోమశిల నుంచి వచ్చే నాగమణి కూతురు హారికకు ఆ కుర్చీ ఇస్తారట. ఆ పిల్లకు అయిదేళ్ళు, కుడివైపంతా బిగుసుకుపోయి ఉంటుంది. నా ముందే కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. దీవెన కోసం నేను సూదితో పొడిచిన రంధ్రంలోనే ఆ పిల్లకూ బెల్టు సరిపోయింది. నేను గోడవైపు తిరిగాను.

అప్పుడు కొండమ్మక్క అడిగింది. "ఆ వంకర స్పూను తెచ్చినావా కరుణమ్మా? దీనిక్కూడా పనికొస్తుందేమో. దీవెన దాంతో ఎంత ఒద్దికగా తినేది, బల్ల మీద ఇంత కూడా పోసుకునేది కాదు."

"నువ్వు పెట్టేదానివి గదక్కా" అన్నాను.

"నేనెక్కడ పెట్టినాను? మొదట్లో పెట్టినా. తర్వాత తనే తినేది గదా."

నాకు ఆ మాట తలకెక్కలేదు. "ఎవురు?"

"ఎవురేంది? దీవెన. ఇట్ట కుడి గుప్పిట్లో, స్పూను మెడ దగ్గర పట్టుకొని తినేది. రెండేళ్ళ నుంచీ. ఇంట్లో తినదా?"

"నా బిడ్డ వేలు కూడా ముడవలేదు. నువ్వు ఇంకెవరినో చూసి అనుకుంటుండావు."

"నీ బిడ్డను నేను మరిసిపోతానా? ఇంట్లో కూడా అంతేననుకున్నా నేను. నీకు చెప్పేదేముండాది అనుకున్నా."

నాకు కోపం వచ్చింది. చనిపోయిన బిడ్డ గురించి ఇలా చెప్పొచ్చా అని నోటిదాకా వచ్చింది. ఇంట్లో స్పూను దాని చేతికి తగిలితే చెయ్యి వెనక్కి తీసుకునేది. నోరు తెరిచి నా వైపే చూసేది. తొమ్మిదేళ్ళు పూటపూటకూ పెట్టిన దాన్ని నేను, నాకు తెలియదా? ఈమెను చూపించమందామంటే ఆమెది బటన్ల ఫోను, ఫోటో ఎక్కడినుంచి వస్తుంది. అబద్ధమని తేల్చేద్దామనే సంచిలోంచి స్పూను తీశాను.

మా పనిలో ఉన్నవాళ్ళకు ఒకటి తెలుసు. చెయ్యి పట్టుకున్నచోట కొయ్య నున్నబడి రంగు ముదురుతుంది. పాత గరిటె బాగుచేయించుకోవడానికి ఎవరన్నా తెస్తే, వాడింది ఏ చేతివాళ్ళో చూసి చెప్పేస్తాం. నేను కాడ చివర పట్టుకుంటాను, అక్కడ నా చేతి నలుపు ఉంది. స్పూను మెడ దగ్గర, నేను ఎప్పుడూ పట్టుకోనిచోట, చిన్న గుప్పిటంత మేర ఇంకో నలుపు ఉంది. ఒక పక్క బొటనవేలు ఆనినంత మెరుపు. అది నాకు కొత్తది కాదు. అంతకుముందు కూడా చూశాను. జావ మరక అనుకున్నాను. రెండుసార్లు ఉప్పుకాగితం పెట్టి తెల్లగా వచ్చేదాకా రుద్దేశాను. పోయి మళ్ళీ వచ్చింది. మరక మళ్ళీ పట్టిందే అని విసుక్కున్నాను కూడా. ఇరవై ఏళ్ళుగా కొయ్య పని చేస్తున్నాను, నా బిడ్డ చెయ్యి నేనే చెరిపేశాను.

పిల్లల బెంచీ మీద కూర్చున్నాను. కొండమ్మక్క నీళ్ళు తెచ్చింది. "మరి ఇంట్లో ఎందుకు తినలేదక్కా?" అని అడిగాను.

"ఇంట్లో నువ్వుండావు గదా" అంది. "ఇక్కడ నాకు పన్నెండు మంది. ఎవురికని పెట్టేది? ఆకలేసి పట్టుకుంది. పట్టుకుంటే వచ్చింది."

నాకు ఓదార్పుగా చెప్పిందో, ఉన్నమాట చెప్పిందో తెలియదు. నా చేత్తో తినడం ఇష్టమై ఇంట్లో చెయ్యి వెనక్కి తీసుకుందా, నేను స్పూను దాని చేతికి ఎప్పుడూ వదిలిపెట్టకపోవడం వల్ల తీసుకుందా? ఎవరు చెబుతారు నాకు? దానికి మాట లేదు.

హారిక బల్ల మీద చెయ్యి కొడుతోంది. నాగమణి నా చేతిలో స్పూను వైపు చూసి మళ్ళీ తల దించుకుంది. అడగలేదు. నేనే లేచి స్పూను ఆ పిల్ల చేతిలో పెట్టాను. ఎడమచేత్తో పట్టుకుంది. దీవెన పట్టుకున్నచోటే పట్టుకుంది. నోటి దగ్గరికి ఎత్తింది, స్పూను మొన చెవివైపు వెళ్ళిపోయింది. ఇంకోసారి ఎత్తింది, మళ్ళీ చెవివైపే. నాగమణి నవ్వాపుకుంటూ, "చెవికి పెడతావేందే" అంది.

"దాని తప్పు కాదు నాగమణీ" అన్నాను. "ఈ వంపు కుడిచేతిది. మీ బిడ్డది ఎడమ చెయ్యి. దీంతో రాదు దానికి. కుడివైపుకు వంచి ఇంకోటి చెక్కి తెస్తా." అని, ఆ పిల్ల గుప్పిటకు నా కొంగు అంచు చుట్టి కొలత తీసి, అక్కడ ముడి వేసుకున్నాను. స్పూను తిరిగి సంచిలో పెట్టుకున్నాను. ఆ వంపు నా చేతికోసం పెట్టాను. అది దీవెన చేతికి కూడా సరిగ్గా సరిపోయిందని నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

తిరుగు బస్సు నాలుగు దాటాక దొరికింది. ఇంటికి వచ్చి మా అత్తకు చెప్పాను. ఆమె చాలాసేపు స్పూను పట్టుకుని, మెడ దగ్గరి నలుపు మీద తన బొటనవేలు పెట్టి చూసుకుంది. "నిజంగా తినిందా?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ తినిందనే చెప్పాను. నేను చూడలేదు, అయినా చెప్పాను. సంతోషించాలో ఏడవాలో నాకు ఇంకా తెలియడం లేదు. నా బిడ్డ గురించి నాకు తెలియనిది ఏమీ లేదు అనుకునేదాన్ని, దాని ప్రతి కేకకూ అర్థం చెప్పేదాన్ని. వారానికి ఒక పూట నాకు నలభై అడుగుల దూరంలో, గోడకు అవతల, అది తన అన్నం తను తిన్నది. హారిక స్పూను ఇప్పుడు సగం అయింది. మెడ దగ్గర కాస్త లావుగా ఉంచాను. దీవెనది గూట్లో ఉంది. దానికి ఇక ఉప్పుకాగితం పట్టించను.

ఆత్మకూరు వెళ్ళే తల్లులకు ఒకటి చెబుతాను. బస్సు, ఆటో, ఇడ్లీ సంగతులు మరిచిపోయినా ఇది మరిచిపోవద్దు. షెడ్డులోనే కూర్చుండిపోకండి. తిరిగి వస్తూ చూశాను, సెంటరు వెనకవైపు వేపచెట్టు దగ్గర ఒక కిటికీ ఉంది, రెక్క సగం మూసి ఉంటుంది. అన్నం వేళకు, పిల్లలకు కనపడకుండా, అక్కడ నిలబడి చూడండి.